కొబ్బరికాయకు వ్యతిరేకంగా ఒక తీర్మానం

బోయిగూడ, సికింద్రాబాద్
నవంబరు 27

ఒరేయ్ ఆషర్,

దేశం మారిపోయింది. నువ్వు సైన్యంలో చేరి అక్కడెక్కడో బూట్లు పాలిష్ చేసుకుంటూ కూర్చున్నావు కాబట్టి నీకు తెలిసి ఉండదు, అందుకే రాస్తున్నాను. మొత్తం దేశం కాదులే, మన బస్తీ వరకు మారింది. మిగతాది మెల్లగా మారుతుంది.

మన బస్తీ సంఘానికి ఇప్పుడు సెక్రటరీని నేను. పోటీ లేకుండా గెలిచాను, ఎందుకంటే పోటీ చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. నిన్న రాజ్యాంగ దినోత్సవం కదా, అదే రోజు మీటింగు పెట్టి నా మొదటి తీర్మానం ప్రవేశపెట్టాను. విను: "జనవరి ఇరవై ఆరున జెండా గద్దె మీద కొబ్బరికాయ, లోబాను, ప్రార్థన ఉండరాదు. రాజ్యాంగ పీఠిక చదివి జెండా విప్పి జాతీయ గీతం పాడవలెను." ఉండరాదు, పాడవలెను అని కావాలనే పెట్టాను. అలాంటి మాటలుంటేనే తీర్మానానికి బరువు.

నీకు తెలియని తంతు కాదు, అయినా నా కోపం చల్లారక మళ్ళీ రాస్తున్నాను. ఏటేటా మా నాయనమ్మ స్తంభానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొడుతుంది. అది పగలగానే షబ్బీర్ చాచా నిప్పుల మీద లోబాను వేసి ఆ పొగను గద్దె చుట్టూ తిప్పుతాడు. పొగ తగ్గకముందే మీ నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకుంటాడు. నిరుడు ఆయన ప్రార్థనలో దేశ నాయకులయ్యాక సరిహద్దులు వచ్చాయి, సరిహద్దులయ్యాక మన డ్రైనేజీ వచ్చింది, డ్రైనేజీ అయ్యాక నాకు ఉద్యోగం రావడం వచ్చింది. ముఖ్య అతిథి మధ్యలో కూర్చుండిపోయాడు. ఇది గణతంత్ర దినోత్సవమా, జాతరా?

స్టేషన్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద ఒక చిన్న పుస్తకం దొరికింది. అందులో ఏముందో తెలుసా? రాజ్యాంగ సభలో ఒక సభ్యుడు, పీఠిక "దేవుని పేరిట" అని మొదలుకావాలని సవరణ తెచ్చాడు. ఇంకొకాయన లేచి, దేవుడొక్కడే ఎందుకు, మాది దేవిని కొలిచే ప్రాంతం, దేవి పేరు కూడా పెట్టండి అన్నాడట. ఒక సభ్యురాలు, దేవుడి మీద ఓటు వేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టకండి అని బతిమాలింది. అయినా ఓటు పెట్టారు. దేవుడు ఓడిపోయాడు. "భారత ప్రజలమైన మేము" గెలిచాం. అది చదివిన రోజు నేను బన్సీలాల్‌పేట దాకా నడుచుకుంటూ పోయి మళ్ళీ నడుచుకుంటూ వచ్చాను, కాలు నేల మీద ఆనలేదు.

మా మీటింగులోనూ ఓటు పెట్టాను. ఆ సాయంత్రం క్రికెట్ మ్యాచ్ ఉండటంతో పెద్దవాళ్ళు ఇళ్ళు కదలలేదు. వచ్చిన కుర్రాళ్ళలో సగం మంది మిర్చి బజ్జీల కోసం వచ్చినవాళ్ళే. చేతులెత్తమంటే బజ్జీలున్న చేతులే ఎత్తారు. తీర్మానం నెగ్గింది. మన అధ్యక్షుడు జోగారావు గారు, హార్డ్‌వేర్ షాపాయన, కాకినాడ వదిలి ఎన్నేళ్ళయినా ఆ యాస వదలని మనిషి, చిన్నగా నవ్వి, "తీర్మానం బాగుందండి. గొడవెప్పుడు మొదలవుద్దో చూడాలండి" అన్నాడు. ఆయన మాటలు పట్టించుకోకూడదు.

నాయనమ్మ బాగానే ఉంది.

ఇక మీదట అధికారికంగా నీ
వేణుమాధవ్


శిక్షణ కేంద్రం
(ఊరి పేరు రాయొద్దన్నారు, రాసినా నువ్వు పటంలో వెతకవు)
డిసెంబరు 12

సెక్రటరీ గారికి,

నీ ఉత్తరం మా బ్యారక్‌లో నలుగురు చూశారు. అందులో ముగ్గురికి తెలుగు రాదు. అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఫోను ఆదివారం కాసేపే చేతికిస్తారు, ఆ కాసేపూ అమ్మకే చాలదు. కాబట్టి మన సంగతులు ఇలా కాగితం మీదే.

నువ్వు గద్దె మీంచి దేవుళ్ళను దింపుతున్నావు సరే, ఇక్కడ నా పరిస్థితి విను. సర్వధర్మ స్థల్ అని ఒక హాలుంది. ఒకే కప్పు కింద రాముడు, గురుగ్రంథం, మక్కా పటం, సిలువ, వరసగా. ఆదివారం అందరం అక్కడికి కవాతు చేసుకుంటూ పోతాం. ఎడమ, కుడి, ఎడమ, కుడి, దేవుడు. ఇప్పుడు మా కేంద్రంలో ఉన్న మతగురువు ఒక్కరే, పండిట్‌జీ. హారతి ఆయనే ఇస్తాడు. సిలువ ముందు కొవ్వొత్తి కూడా ఆయనే వెలిగించి, ఇక నీ పని నువ్వు కానీయ్ అన్నట్టు నాకేసి కళ్ళెగరేస్తాడు. కాళ్ళు ముడుచుకుని కూర్చోనిచ్చే చోటు ఈ మొత్తం సెంటర్లో అదొక్కటే, అందుకని నాకా హాలంటే ఇష్టం.

ఇంకో సంగతి. కొండెక్కేటప్పుడు మా కంపెనీ అంతా ఒక అమ్మవారి పేరు అరుస్తుంది. అది మా నినాదం. నేనూ అరుస్తాను. మెల్లగా అరిస్తే పుషప్స్. నాన్నకు చెప్పకు. చెప్పినా ఆయన ఏమంటాడో నాకు తెలుసు, ఆ అమ్మవారి కోసం కూడా ప్రార్థన చేస్తాడు.

నిన్ను అభినందించాలో లేదో ఇంకా తేల్చుకోలేదు. ముందు ఇది చెప్పు. లచ్చమ్మవ్వ గురించి నువ్వు ఎప్పుడూ అరపేజీకి తక్కువ రాయలేదు. జొన్నరొట్టె ఎట్లా తట్టిందో, టీవీలో విలన్‌ను ఏమని తిట్టిందో కూడా రాసేవాడివి. ఈసారి "నాయనమ్మ బాగానే ఉంది" అని తేల్చేశావు. ఏం జరిగింది?

ఒళ్ళు నొప్పులతో,
ఆషర్


బోయిగూడ
డిసెంబరు 23

రిక్రూట్ ఆషర్‌కు,

అమ్మవారి పేరు అరిచినవాడివి నన్ను ప్రశ్నలడుగుతున్నావా? భారత సైన్యం రాజ్యాంగం కింద పనిచేస్తుందా, కొండ దేవతల కింద పనిచేస్తుందా? దీని మీద నేనొక కరపత్రం వేద్దామనుకుంటున్నాను. నీ పేరు పెట్టనులే.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. దేశంలో ఎవరూ సాధించలేనిది నేను సాధించాను. బస్తీలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒక్కటయ్యారు. నాకు వ్యతిరేకంగా.

పోయిన ఆదివారం మా ఇంటికి ప్రతినిధి వర్గం వచ్చింది. షబ్బీర్ చాచా, మీ నాన్న, మధ్యలో నాయనమ్మ. మా ఇంట్లోనే ఉండే మనిషి, ముందు బయటికి పోయి, వాళ్ళతో కలిసి తలుపు కొట్టి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. నేనే మంచినీళ్ళు తెచ్చిచ్చాను. అందుకుంది గానీ నా మొహం చూడలేదు. తీర్మానం నెగ్గిన మరునాటి నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. అదీ నేను రాయని సంగతి. నాకేదైనా చెప్పాలంటే కుక్కర్‌తో చెప్తోంది. "గా సెక్రటరీ సాబ్‌కు పప్పు చాలునా, చారు సుత కావాల్నా?" అని కుక్కర్‌ను అడుగుతుంది. నేను కుక్కర్‌కే జవాబు చెప్తున్నాను. మొదట్లో బాగానే ఉండేది.

ప్రతినిధి వర్గం తరఫున చాచా షురూ చేశాడు. "లచ్చమ్మక్క టెంకాయ కొట్టంగనే నేను లోబాన్ ఏస్త. ఆమె కొట్టకపోతే నాకెట్ల తెల్వాలె బేటా? ఇన్నేండ్ల సంది గదే నా గడియారం." తర్వాత మీ నాన్న చాలా మెత్తగా, దేశం కోసం ప్రార్థన చేయకూడదని చట్టమేమైనా ఉందా వేణూ అని అడిగాడు. చట్టం లేదు, తీర్మానం ఉంది అన్నాను.

నా వాదన నేను సరిగ్గానే చెప్పాను, ఇప్పటికీ దానికే కట్టుబడి ఉన్నాను. గద్దె ఎవరి ఇల్లూ కాదు, ఏ గుడీ కాదు, అందరిదీ. ఏ దేవుణ్ణీ నమ్మనివాడు కూడా ఆ జెండా కింద నిలబడాలి కదా, వాడికి చోటెక్కడ అని అడిగాను.

నాయనమ్మ చాచా వైపు తిరిగి, "ఎవడంట వాడు, జెర అడుగు షబ్బీరూ" అంది.

"నేనే" అన్నాను.

చాచా ఆమెకు అనువదించాడు. "వీడేనంట, అక్కా."

వెళ్ళేముందు అసలు బాంబు వేశారు. గద్దె నువ్వే ఉంచుకో, మేం వాటర్ ట్యాంకు దగ్గర వేరే జెండా పెట్టుకుంటాం అన్నారు. అర్థమైందా నీకు? దేశ విభజన. నా బస్తీలో, నా పదవీ కాలంలో. ఒక రోడ్డుకు అటొక గణతంత్రం, ఇటొక గణతంత్రం. నాకు నెత్తురు మరిగింది. నువ్వు రాకపోయినా జెండా ఎగురుతుంది అని నాయనమ్మ మొహం మీదే అన్నాను. ఆమె లేచి, చెంగు భుజం మీదికి సర్దుకుని, వంటింట్లోకి పోయింది.

అప్పటి నుంచి కుక్కర్‌తో కూడా మాట్లాడటం లేదు.

ఇరవై ఆరున ఆమె రాకపోతే రాకపోనీ. నాకేం పరేషాన్ లేదు. నువ్వు కూడా పడకు.

ఒంటరి గణతంత్రం నుంచి,
వేణు


శిక్షణ కేంద్రం
జనవరి 9

వేణూ,

నీ ఉత్తరం చదివి, "వీడేనంట, అక్కా" దగ్గర గట్టిగా నవ్వి, హవల్దార్ చేత గ్రౌండు చుట్టూ పరుగు తీయించుకున్నాను. పరుగు తీస్తూ కూడా నవ్వాను. ఇప్పుడు రాసేది మాత్రం నవ్వులాట కాదు.

ఫిబ్రవరిలో మాకు కసం పరేడ్. జెండా ముందు నిలబడి ప్రమాణం చేసిన రోజు నుంచి మేం సైనికులం. పదో తరగతిలో మా మిద్దె మీద మనిద్దరం చేసుకున్న ఒప్పందం నీకు గుర్తుంది, నీకు గుర్తులేనిదేమీ ఉండదు. ఎప్పుడు ఎక్కడ ప్రమాణం చేయాల్సి వచ్చినా దేవుని పేరు మీద కాదు, ఆత్మసాక్షిగానే అనుకున్నాం. నువ్వయితే సంతకం రక్తంతో చేద్దామన్నావు, నేను ఎర్ర పెన్నుతో సరిపెట్టాను.

నేను పండిట్‌జీని అడిగాను, దేవుని పేరు పలకడం తప్పనిసరా అని. ఆయన, దేవుని పేరుతో చేసే మాట ఒకటుంది, పేరెత్తకుండా చేసే మాట ఒకటుంది, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి, ఏది చదివినా ఇచ్చే తుపాకీ ఒకటే అన్నాడు. నేను బైబిల్ పట్టుకుని ప్రమాణం చేసేవాళ్ళలో నా పేరిచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు. నీకు నెలరోజుల క్రితమే రాయాల్సింది, దాటవేశాను.

ఎందుకని అడుగుతావు. పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ప్రాణం పోయేంత ప్రమాదమున్నా పొమ్మన్న చోటికి పోతానని ఆ రోజు మాటివ్వాలి. నాకు భయంగా ఉందిరా. ఆ మాట గట్టిగా చదివి అలవాటు చేసుకుంటుంటే, చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడల్లా నాన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి పలికిన పేరే నోటికొచ్చింది. నా ఆత్మసాక్షిని అడిగితే అదే బైబిల్ పట్టుకోమంది, ఇంక నేనేం చేయను?

గద్దె నమ్మనివాడిది కూడా అన్నావు చూడు, అది నిజం. ఆ మాట వదలకు. కానీ నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. దేవుడి మీద ఓటు వేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టకండి అన్న ఆ సభ్యురాలి మాట నువ్వే రాశావు, రాసి దాటిపోయావు. ఆమె ఏ ఉద్దేశంతో అందో నాకు తెలియదు. నాకు మాత్రం అది పిరికిమాటలా అనిపించలేదు. అటు గెలిచినా ఇటు గెలిచినా ఎవరిదో ఒకరి నోరు మూసినట్టే కదా. ఆ పెద్దవాళ్ళు పీఠికలో దేవుణ్ణి పెట్టలేదు, అది నీకు చోటు. ప్రమాణంలో రెండు మాటలూ ఉంచారు, అది నాకు చోటు. వాళ్ళు ఇద్దరి గురించీ ఆలోచించారురా. నువ్వు బజ్జీలు పెట్టి మా నాన్న నోటి మీద ఓటు పెట్టావు.

కోపమొస్తే రానీ. లచ్చమ్మవ్వతో మాత్రం మాట్లాడు. కుక్కర్‌తో కాదు.

ఆషర్


బోయిగూడ
జనవరి 16

ద్రోహీ,

పేరు రాయను. పేరుకు అర్హత పోయింది.

ఎర్ర పెన్ను సంతకం నా దగ్గర ఇంకా ఉంది. ఒకడు కొండెక్కుతూ అమ్మవారిని పిలుస్తాడు, దిగి వచ్చి బైబిల్ పట్టుకుంటాడు, మధ్యలో నాకు రాజ్యాంగం బోధిస్తాడు. నాకు. పాఠశాలలో పీఠిక అప్పజెప్పమంటే "సామ్యవాద" దగ్గర ఆగి నా వైపు చూసినవాడు నాకు చెప్తాడు.

నోటి మీద ఓటు పెట్టానట. ప్రజాస్వామ్యంలో ఓటు కాకపోతే ఏం పెడతారు, బొట్టా?

ఈ ఉత్తరానికి జవాబు రాయొద్దు. రాస్తే స్పీడ్ పోస్టులో రాయి.

వే.

తాజా కలం: జోగారావు గారి షాపు నుంచి నీలం ప్లాస్టిక్ పైపు ఒకటి వాటర్ ట్యాంకు దగ్గరికి పోవడం కళ్ళారా చూశాను. ఆయన రెండు గణతంత్రాలకూ అధ్యక్షుడట.

ఇంకోటి: భయంగా ఉందని రాశావు. ఆ ఒక్క వాక్యం మీద నాకు కోపం రాలేదు. మిగతా అన్నిటి మీదా వచ్చింది.


బోయిగూడ
జనవరి 26, మధ్యాహ్నం

ఆషర్,

నవ్వకు. సరే, నవ్వు, నీ మోకాళ్ళు నీ ఇష్టం.

పొద్దున్నే స్తంభం ఎక్కి జెండా నేనే కట్టాను, మడతల్లో బంతిపూల రెక్కలు నింపి, తాడు ఒక్క గుంజు గుంజితే విచ్చుకునేలా. ఆ పని నాకు ఎనిమిదో తరగతి నుంచీ ఉన్నదే. గద్దె ఊడ్చి ముగ్గేసి ఉంది. ఎవరు వేశారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గద్దె దగ్గర నేను, తెల్లచొక్కాలో జోగారావు గారు. అంతే. రోడ్డుకు అవతల, వాటర్ ట్యాంకు కింద, బస్తీ అంతా. నీలం పైపును ట్యాంకు నిచ్చెనకు కట్టి దానికొక జెండా ముడివేశారు. ముందు వరస కుర్చీలో నాయనమ్మ, ఒళ్ళో కొబ్బరికాయ. పక్కన చాచా నిప్పులు విసురుకుంటున్నాడు. మీ నాన్న కోటు వేసుకున్నాడు. మధ్యలోంచి ఒక ఆటో వచ్చి, ఏ జెండా వైపు చూడాలో తెలియక ఆగి, ఇంజిన్ ఆపేసింది.

నేను జనం వస్తే మొదలుపెడదామని చూస్తున్నాను. వాళ్ళు నేను మొదలుపెడితే వాళ్ళది మొదలుపెడదామని చూస్తున్నారు. గద్దె మీది జెండా లేవకముందు పైపు జెండా లేవడం మర్యాద కాదని నాయనమ్మ అన్నదట. రాయబారం జోగారావు గారిది. అటు పోయి టీ తాగి వచ్చాడు, ఇటు వచ్చి టీ తాగాడు. "మీరు కానిచ్చేస్తే వాళ్ళు కానిచ్చేస్తామంటున్నారండి" అన్నాడు. ఎండ గద్దె మీదికి వచ్చింది. చాచా నిప్పులు ఆరిపోయి మళ్ళీ రాజేసుకున్నాడు.

ఇక లాభం లేదని గద్దె ఎక్కి పీఠిక చదవడం మొదలుపెట్టాను. వినేవాళ్ళు ఒక్కరే, ఆయన చేతిలో టీ గ్లాసు. "న్యాయం" దగ్గర గొంతు బాగానే పలికింది. "స్వేచ్ఛ" దగ్గర ఇంకా గట్టిగా పలికింది. "సౌభ్రాతృత్వం" దగ్గర కాగితం మీంచి తలెత్తి చూశాను. అవతల కుర్చీలన్నీ ఖాళీ. అందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు. నాయనమ్మ నొప్పి మోకాలి మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. చివరి వాక్యం నేను చదివానో మింగానో నాకే తెలియదు.

అయిపోయింది. ఇక తాడు గుంజాలి. తాడు చేతిలో ఉంది. చెయ్యి కదల్లేదు.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఎనిమిదో తరగతి నుంచీ నేను తాడు గుంజేది మీ నాన్న "ఆమేన్" అన్నప్పుడు. కొబ్బరికాయ చాచాకు గడియారమైనట్టు మీ నాన్న ప్రార్థన నాకు గడియారం. నేను నాస్తికుణ్ణి అయ్యాను గానీ నా చెయ్యి ఇంకా కాలేదు. అది అక్కడే ఆగి ఆమేన్ కోసం ఎదురుచూస్తోంది. సెక్రటరీని, తీర్మానం తెచ్చినవాణ్ణి, బస్తీ మొత్తం చూస్తుండగా తాడు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను.

అప్పుడు నాయనమ్మ మాట్లాడింది. చాచాతో కాదు, కుక్కర్‌తో కాదు. రోడ్డు ఇవతలున్న నాతో, రెండు నెలల తర్వాత.

"సదువుడు అయిపాయెనా?"

"అయిపోయింది."

"మరి గుంజు. ఏం జూస్తున్నవ్?"

నాకు ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నువ్వు రా" అన్నాను.

"నేనెందుకొస్త? నా టెంకాయకు ఓట్లు రాకపాయె." కొబ్బరికాయ ఇంకో చేతిలోకి మార్చుకుని, "నీ మంత్రమైతె మంచిగనే ఉన్నది" అంది.

"మంత్రం కాదు నాయనమ్మా. అది రాజ్యాంగం."

"మంత్రం గాకుంటె చెప్పులెందుకు ఇడిసినవ్ రా?"

కిందికి చూసుకున్నాను. వట్టి కాళ్ళు. నా చెప్పులు గద్దె మెట్టు పక్కన జంటగా, బుద్ధిగా ఉన్నాయి. ఎప్పుడు విడిచానో, ఎందుకు విడిచానో ఒట్టు, నాకు తెలియదు. గద్దె ఎక్కేటప్పుడు మన బస్తీలో ఎవడూ చెప్పులతో ఎక్కడు. నేనూ ఎక్కలేదు. అంతే.

బస్తీ మొత్తం నవ్వింది. ఆటోవాడు కూడా నవ్వాడు, వాడిది ఏ బస్తీనో. చాచా లోబాను వేయకుండానే దగ్గు తెచ్చుకున్నాడు. నాకు ముందు ఒళ్ళు మండింది. ఏదైనా ఘాటుగా అందామని నోరు తెరిస్తే నవ్వొచ్చిందిరా, ఆపుకోలేనంత. తాడు వదిలి మెట్టు మీద కూలబడి నవ్వాను.

తర్వాత అట్లాగే వట్టి కాళ్ళతో రోడ్డు దాటాను. తీర్మానం వాపసు తీసుకుంటున్నానని చెప్పాను. జోగారావు గారు దానికి ఓటు పెట్టాలా అండి అని అడిగాడు. ఇక దీని మీద ఈ బస్తీలో ఎప్పుడూ ఎవరూ ఓటు వేయొద్దు అన్నాను. అయితే నేను ఊరికే లొంగిపోయానని అనుకోకు. అందరి ముందూ నా మాట చెప్పాను. ఎవరికి ఏది ఇష్టమో అది చేసుకుంటారు, ఇష్టం లేనివాడు ఊరికే నిలబడతాడు, వాణ్ణి ఎవరూ బొట్టు పెట్టుకోమనొద్దు, కళ్ళు మూసుకోమనొద్దు, ఎందుకు నిలబడ్డావని అడగొద్దు. జెండా విచ్చుకునేది మాత్రం పీఠిక తర్వాతే, ఎందుకంటే అదొక్కటే అందరిదీ. నాయనమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "గది న్యాయమే" అంది. మీ నాన్న వైపు తిరిగి, "నువ్వు సుత జెర జల్ది కానియ్యాలె తమ్మీ, ఎండైతున్నది" అంది. మీ నాన్న ఈ ఏడాదికి డ్రైనేజీ వదిలేశాడు.

బస్తీ అంతా రోడ్డు దాటి గద్దె దగ్గరికి వచ్చింది, కుర్చీలు నెత్తిన పెట్టుకుని. కొబ్బరికాయ పగిలింది. చాచా గడియారం నడిచింది. మీ నాన్న ప్రార్థనలో నీ పేరు వచ్చింది, ఆ వెంటనే మా సెక్రటరీ కోపాన్ని కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా అన్నాడు. నేను కళ్ళు తెరుచుకునే నిలబడ్డాను, ఎవరూ ఏమీ అనలేదు. ఆమేన్ దగ్గర నా కుడిచెయ్యి గుంజబోయింది, ఎడమచేత్తో పట్టుకున్నాను. పీఠిక మళ్ళీ చదివాను. ఈసారి నేను ఒక ముక్క చదివితే బస్తీ ఆ ముక్క చెప్పింది. చాచా ఉర్దూ నోటితో, మీ నాన్న ప్రసంగం గొంతుతో, నాయనమ్మ బతుకమ్మ పాటలా సాగదీస్తూ. అంతమంది నోట "మాకు మేము" అనే మాట వింటే ఎట్లా ఉంటుందో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గుంజాను. పూలు చాచా నిప్పుల్లో పడి కమ్మని పొగ లేచింది.

నీలం పైపు జెండా సంగతి అడుగుతావు. దాన్ని కూడా విప్పాం, తెచ్చిన జెండాను విప్పకుండా పంపిస్తామా? పైపు గాలికి వంగిపోతుంటే జోగారావు గారు జాతీయ గీతం అయ్యేదాకా రెండు చేతులతో నిటారుగా పట్టుకున్నాడు. అధ్యక్షుడయ్యాక ఆయన చేసిన మొదటి పని అదే.

కొబ్బరి ముక్క తిన్నాను. చెట్టుకు కాసిన కాయ అది, ప్రసాదమా కాదా అన్నది తినేవాడి ఇష్టం. ఇట్లా అంటే నాయనమ్మ ఇంకో ముక్క పెట్టింది.

నీ కసం పరేడుకు మీ నాన్నతో పాటు నాయనమ్మా నేనూ కూడా వస్తున్నాం. టికెట్లయ్యాయి. బైబిల్ సంగతి మీద నాకింకా కోపమే, పరేడ్ అయ్యాక తీరిగ్గా పోట్లాడుకుందాం, వాదనలు సిద్ధం చేసుకుని ఉండు. ప్రమాణం మాత్రం గట్టిగా చెయ్యి. అది హిందీలో ఉంటుందట కదా. నాయనమ్మకు బజారు ఉర్దూ వచ్చు గానీ అంత పెద్ద హిందీ అర్థం కాదు. నేను పక్కనే కూర్చుని నువ్వు పలికే ప్రతి మాటా తెలుగులో ఆమె చెవిలో చెప్పాలట, ఆర్డరు. చెప్తాను. దేవుడి పేరు వచ్చిన చోట కూడా ఆగకుండా చెప్తాను.

వేణు